నమోదు పుస్తకంలో దేశం పేరు

ఈ మధ్య మన సాహిత్య సభల్లో ఒక కొత్త కొలమానం చలామణిలోకి వచ్చింది. అంతర్జాల పత్రికల సంపాదకులు తమ వార్షికోత్సవాల్లో మా పత్రికను ఇన్ని దేశాల్లో చదువుతున్నారని లెక్క చెబుతున్నారు. సంపాదకులు అలా చెప్పుకోవడంలో తప్పేమీ లేదు, పత్రిక నడిపేవాడికి ఆ మాత్రం సంతోషం ఉండాలి. నా అభ్యంతరం విమర్శకులతో. ఆ పట్టికలను వారు సాక్ష్యంగా స్వీకరించి, నేటి తెలుగు కథకు పాఠకుడు ప్రవాసాంధ్రుడేననీ, కార్మిక ప్రాంతాల్లో చదివే అలవాటు అడుగంటిందనీ సిద్ధాంతాలు చేస్తున్నారు. ఒక సదస్సులో అటువంటి పట్టిక ఒకటి చూశాను. అమెరికా ఉంది, సింగపూరు ఉంది, దేశం లోపల హైదరాబాదు, ముంబయి, చెన్నై ఉన్నాయి. రామగుండం లేదు, గోదావరిఖని లేదు. పత్ర సమర్పకుడు ఆ శూన్యాన్ని చూపించి బొగ్గు గనుల ప్రాంతంలో పాఠకులు లేరని తేల్చేశారు.

ఇరవై ఏళ్ళుగా ఈ బొగ్గు గనుల ఊళ్ళల్లో తెలుగు పాఠం చెబుతున్నవాణ్ణి నేను. అయినా ఊరి అభిమానంతో ఈ వాదానికి జవాబు చెప్పదలచుకోలేదు. సాక్ష్యం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు రాశారో, ఏ అవసరానికి రాశారో అడగడం చరిత్ర విద్యార్థి మొదటి పని. శాసనాన్ని అలాగే చదువుతాం, తాళపత్ర ప్రతిని అలాగే చదువుతాం. ఈ పట్టికను మాత్రం ఎందుకు వదిలిపెట్టాలి?

ముందుగా విషయం ఏమిటో చూద్దాం. అంతర్జాలంలో ఏ యంత్రం మాట్లాడాలన్నా దానికి ఒక సంఖ్య ఉండాలి. ఐపీ చిరునామా అంటున్నది దీన్నే. పాత పద్ధతిలో ఇలాంటి సంఖ్యలు మొత్తం సుమారు 429 కోట్లు. సంఖ్యలో ఊరు లేదు, దేశం లేదు. అది కేవలం సంఖ్య. ఊరూ దేశమూ ఆ సంఖ్యను ఎవరికిచ్చారో రాసుకున్న నమోదు పుస్తకంలో ఉంటాయి. తొలి రోజుల్లో ఆ పుస్తకం అమెరికాలో జాన్ పోస్టెల్ అనే శాస్త్రజ్ఞుడి చేతిలో ఉండేది. తరువాత ప్రాంతాల వారీగా సంస్థలు పుట్టాయి. యూరపుకు 1992లో, ఆసియా పసిఫిక్ ప్రాంతానికి 1993లో, ఉత్తర అమెరికాకు 1997లో, లాటిన్ అమెరికాకు 2002లో, ఆఫ్రికాకు 2005లో. మన ప్రాంతపు సంస్థ పేరు ఏపీనిక్. టోక్యోలో పుట్టి, 1998లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు తరలిపోయింది. 2012 నుంచి దానికింద మన దేశానికి ఐరిన్ అనే జాతీయ రిజిస్టరు ఏర్పడింది.

ఈ పుస్తకాల్లో ప్రతి పద్దు పక్కనా రెండక్షరాల దేశ సంకేతం రాసే గడి ఒకటి ఉంటుంది. మనకు ఐఎన్. ఈ రెండక్షరాల జాబితా అంతర్జాల నిపుణులు తయారు చేసింది కాదు. 1974లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ప్రకటించిన జాబితా అది. ఏది దేశం, ఏది కాదు అని తేల్చే తలనొప్పి తమకొద్దని పోస్టెల్ ఆ జాబితాను అరువు తెచ్చుకున్నాడు. 1994లో రాసిన పత్రంలో ఆ సంగతి దాచుకోకుండా చెప్పాడు కూడా. ఏపీనిక్ వారు ఇంకొక అడుగు ముందుకు వేసి దేశం అనే మాటే మానేసి ఎకానమీ అంటారు. తైవాను, హాంకాంగుల వంటి చోట్ల ఆ మాట తగువు తెచ్చిపెడుతుందని వారికి తెలుసు. మాట మార్చితే తగువు తప్పింది గాని అర్థం తేలలేదు.

ఆ గడిలో రాసిన దేశం దేనికి గుర్తు? సంఖ్యలు తీసుకున్న కంపెనీ నమోదైన దేశానికా, యంత్రం ఉన్న దేశానికా, చివరన కూర్చుని చదువుతున్న మనిషి దేశానికా? యూరపు రిజిస్టరు వారు తమ వివరణ పత్రంలో దీనికి నిజాయితీగానే సమాధానమిచ్చారు. ఈ మూడింటిలో ఏదో ఎన్నడూ నిర్దేశించలేదనీ, కాబట్టి సంఖ్యను దేశానికి ముడిపెట్టడానికి ఈ గడిని నమ్ముకోవద్దనీ రాసుకున్నారు. పుస్తకం రాసినవాడే వద్దంటున్నా, చదివేవాడు వినడంలేదు.

ఇంకొక చమత్కారం. కొన్ని పద్దుల దగ్గర దేశం గడిలో ఏపీ అని కనిపిస్తుంది. తెలుగువాడు చూస్తే ఆంధ్రప్రదేశ్ అనుకుంటాడు. అక్కడ దాని అర్థం ఆసియా పసిఫిక్. ఏ ఒక్క దేశానికీ చెందదనుకున్న చోట ఆ రెండక్షరాలు వేసి ఊరుకున్నారు.

రామగుండంలో ఉండి ఈ చరిత్ర చదివేవాడికి ఇదంతా కొత్తగా కనిపించదు. మనం పనిచేసే కంపెనీ చరిత్రే ఇది. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టినవాడు భూవిజ్ఞాన సర్వే శాఖకు చెందిన విలియం కింగ్. 1886లో ఆ బొగ్గు తవ్వుకునే హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. పేరులో హైదరాబాదు ఉంది, దక్కన్ ఉంది. కంపెనీ నమోదైంది మాత్రం ఇంగ్లండులో. వాటాలు చేతులు మారింది లండన్ మార్కెట్టులో. ఆ హక్కుల వ్యవహారంలో జరిగిన బాగోతం మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ సెలెక్టు కమిటీ వేసి విచారణ జరపవలసి వచ్చింది. ఆనాడు ఎవరైనా ఈ బొగ్గుకు దేశం గడి నింపవలసి వస్తే ఏం రాసేవారు? కంపెనీ దృష్టిలో ఇంగ్లండు. తవ్వేవాడి దృష్టిలో నిజాం రాజ్యం. కాల్చేది ఎవరి రైలు అన్న లెక్కన చూస్తే మూడో సమాధానం కూడా రావచ్చు.

1920 డిసెంబరు 23న హైదరాబాదు కంపెనీల చట్టం కింద సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టి, పాత కంపెనీ ఆస్తులన్నీ తీసుకుంది. గడిలో దేశం మారింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో అధికారం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చింది. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ ప్రభుత్వానిది. ఇన్నిసార్లు గడి కొట్టేసి రాసినా బొగ్గుపొర అంగుళం కదలలేదు. సింగరేణి అన్న పేరు చూడండి. అది ఖమ్మం జిల్లాలో ఒక ఊరు. రామగుండం నుంచి నూటయాభై కిలోమీటర్లకు పైగా దూరం. మా ఊళ్ళో తవ్విన బొగ్గుకు కూడా సింగరేణి బొగ్గు అనే పేరు. బయటివాడు ఆ పేరు పట్టుకుని బొగ్గు కోసం సింగరేణి గ్రామానికి పోతే దొరికేది బొగ్గు కాదు, కంపెనీ పుట్టుక కథ.

కాబట్టి నమోదు పుస్తకంలోని స్థలం సొంతదారు జవాబుదారీని తెలియజేస్తుంది. వస్తువు ఉన్న చోటును తెలియజేయడం దాని పని కాదు. ఇది లోపం అనడానికి కూడా లేదు. బాకీ వసూలుకో, వ్యాజ్యానికో, యంత్రం చెడిపోతే ఎవరిని పిలవాలో తెలియడానికో పుస్తకం పుట్టింది. ఆ అవసరానికి అది సరిపోతుంది. లోపం ఎక్కడ మొదలవుతుందంటే, ఒక అవసరానికి రాసిన గడిని అధికారం ఉన్నవాడు ఇంకొక అవసరానికి వాడుకున్నప్పుడు. అప్పుడు తేడా వస్తే నష్టపోయేది గడి నింపినవాడు కాదు, గడిని వాడుకున్నవాడు అంతకన్నా కాదు.

గనుల్లో ఉన్నవారికి దీనికి ఉదాహరణ నేను చెప్పనక్కరలేదు. మారుపేర్ల కార్మికుల సమస్య ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. ఒకప్పుడు బాయిలోకి మనుషులు కావలసిన రోజుల్లో అన్న పేరు మీద తమ్ముడు, బావ పేరు మీద మరిది పనిలో చేరారు. అప్పుడు మస్టరుకు కావలసింది తట్ట ఎత్తే మనిషి. ఎవరి పేరైతేనేం, మస్టరు పడితే చాలు. ముప్ఫయ్యేళ్ళ తరువాత ఆ మనిషి ఒళ్ళు చెడి దిగిపోయి, కొడుకు డిపెండెంటు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునేసరికి అదే పుస్తకం వంశవృక్షం అయి కూర్చుంది. పుస్తకంలో ఒక పేరు, ఆధారు కార్డులో ఇంకొక పేరు. బొగ్గు తవ్వినప్పుడు అడగని ప్రశ్న, హక్కు అడిగినప్పుడు అడిగారు. ఏళ్ళ తరబడి యూనియన్ల కోరికల పత్రాల్లో ఈ సమస్య ఒక అంశంగా నడిచింది.

అంతర్జాల చిరునామాల విషయంలో ఈ తేడా ఎంత దూరం పోగలదో చెప్పడానికి అమెరికాలోని ఒక వ్యవసాయ క్షేత్రం కథ చాలు. సంఖ్యను చూసి మనిషి ఉన్న చోటు చెప్పే వ్యాపారం చేసే మాక్స్‌మైండ్ అనే కంపెనీ ఒకటుంది. అమెరికా అని మాత్రమే తెలిసి ఊరు తెలియని సంఖ్యలకు ఏదో ఒక చోటు చూపించాలి కదా అని, 2002లో ఆ దేశం నడిబొడ్డున అంకెలు గుండ్రంగా వచ్చే బిందువు ఒకటి ఎంచుకుంది. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ అనే పల్లె దగ్గర ఒక రైతు ఇంటి ముంగిట పడింది. కాలక్రమాన 60 కోట్ల సంఖ్యలకు ఆ ఇల్లే చిరునామా అయింది. తెలియదు అని రాయవలసిన చోట ఒక ఇల్లు చూపించారన్నమాట. ఎక్కడ మోసం జరిగినా, ఎవరు తప్పిపోయినా పోలీసులూ, పన్నుల అధికారులూ, మోసపోయి కడుపు మండినవాళ్ళూ ఆ ఇంటి మీదికి వచ్చారు. పదేళ్ళకు పైగా ఇది సాగింది. 2016లో ఒక పత్రికా రచయిత్రి బయటపెట్టాక కంపెనీ ఆ బిందువును తీసుకుపోయి ఒక చెరువు మధ్యలో పెట్టింది. చెరువు ఎవరి మీదా ఫిర్యాదు చేయదు!

ఇక ఆఫ్రికా సంగతి. 2011 ఫిబ్రవరి నాటికి ప్రపంచ నిలవలో పాత పద్ధతి సంఖ్యలు అయిపోయాయి. ఏప్రిల్‌లో మన ప్రాంతపు నిలవ కూడా అడుగంటింది. అవి కొనుక్కోవలసిన, అద్దెకు తెచ్చుకోవలసిన సరుకు అయ్యాయి. ఆఫ్రికా రిజిస్టరులో మాత్రం ఇంకా నిలవ ఉంది. 2013 నుంచి 2016 లోపు సీషెల్స్ దీవుల్లో నమోదైన క్లౌడ్ ఇన్నొవేషన్ అనే కంపెనీ అక్కడ 60 లక్షలకు పైగా సంఖ్యలు పొందింది. వాటిలో ఎక్కువ భాగం ఆఫ్రికా వెలుపల వాడకంలో ఉన్నాయన్నది రిజిస్టరు వారి ఫిర్యాదు. వెలుపల వాడకూడదన్న షరతు లేదన్నది కంపెనీ వాదన. 2021లో రిజిస్టరు వారు ఆ సంఖ్యలు వెనక్కి తీసుకోబోయారు. కంపెనీ మారిషస్ కోర్టుకు వెళ్ళింది. రిజిస్టరు బ్యాంకు ఖాతాలు స్తంభించిపోయాయి. ఒక ఖండం మొత్తానికి పద్దులు రాసే సంస్థ జీతాలివ్వడానికి తడుముకునే పరిస్థితి వచ్చింది. న్యాయం ఎవరి పక్షాన ఉందో కోర్టులు తేల్చుకుంటాయి. నాకు కనిపిస్తున్నది మటుకు పాత దృశ్యమే. పుస్తకంలో ఒక ఖండం పేరు, వాడకం ఇంకొక చోట, లాభం మూడో చోట. 1886 నాటి లండన్ కంపెనీ కాగితాలు పక్కన పెట్టి చదువుకుంటే సాహిత్య విద్యార్థులకు వలస పాలన గురించి ఒక అధ్యాయం అదనంగా బోధపడుతుంది.

మన దేశం పేరుకే వస్తే ఇటీవలి ఉదాహరణ 2022 నాటిది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది. చాటు దారిలో అంతర్జాల సదుపాయం ఇచ్చే కంపెనీలు తమ ఖాతాదారుల వివరాలు అయిదేళ్ళు భద్రపరచాలని. జూన్‌లో ఎక్స్‌ప్రెస్ వీపీఎన్ అనే కంపెనీ భారతదేశంలోని తన యంత్రాలన్నీ ఎత్తేసింది. ఎత్తేసినా భారతదేశపు చిరునామాలు ఇస్తూనే ఉంటానంది. యంత్రాలు సింగపూరులో, బ్రిటన్‌లో. నమోదు మాత్రం ఇండియా. మన పత్రిక పట్టికలో ఇండియా పాఠకుడు అని లెక్కపడ్డవారిలో ఇలాంటి వారు ఎంతమందో ఏ సంపాదకుడు చెప్పగలడు?

దేశం సంగతే ఇలా ఉంటే ఊరి సంగతి చెప్పనక్కరలేదు. గోదావరిఖనిలో ఒక కుర్రవాడు ఫోనులో కథ చదువుతాడు. అతని ఫోనుకు సొంత సంఖ్య ఉండకపోవచ్చు. ఫోను కంపెనీ వేలమందిని ఒకే సంఖ్య వెనుక నిలబెట్టి, హైదరాబాదులోనో, చెన్నైలోనో, ముంబయిలోనో ఉన్న తన ద్వారం గుండా బయటికి పంపుతుంది. పత్రిక యంత్రానికి కనిపించేది ఆ ద్వారం. చదివినవాడు గోదావరి ఒడ్డున, లెక్కపడింది మూసీ ఒడ్డునో అరేబియా సముద్రపు ఒడ్డునో. మా బడిలోని కంప్యూటర్ల మీద వాతావరణం చూస్తే హైదరాబాదు వాన చూపించిన రోజులు నాకు బాగా గుర్తు. బయట చూస్తే రామగుండం ఎండ.

దీన్ని సరిదిద్దడానికి నిపుణులు ప్రయత్నించకపోలేదు. సంఖ్యలు ఉన్న కంపెనీయే తన సంఖ్యలు ఏ దేశంలో, ఏ రాష్ట్రంలో, ఏ ఊళ్ళో వాడుకలో ఉన్నాయో వరుసగా రాసి ప్రకటించే పద్ధతి ఒకటి 2020లో వెలువడింది. మంచిదే. దానిలో రాష్ట్రానికి కూడా అంతర్జాతీయ ప్రమాణ సంకేతమే వాడాలి. మన రాష్ట్ర సంకేతం చరిత్ర వినండి. 2014లో ఆ జాబితాలో తెలంగాణకు టీజీ ఇచ్చారు. ఇక్కడ వాహనాల మీద మాత్రం అప్పటి ప్రభుత్వం టీఎస్ అని రాయించింది. 2023 నవంబరులో జాబితావారు మన వాహనాలను చూసి కాబోలు టీఎస్‌గా మార్చారు. నాలుగు నెలలు తిరగకుండా, 2024 మార్చిలో, కొత్త ప్రభుత్వం వాహనాలకు టీజీ తెచ్చింది. దేశాల జాబితాలో టీజీ అంటే టోగో, ఆఫ్రికాలో ఒక చిన్న దేశం. ఇక జిల్లా. 2016 అక్టోబరు 11 దాకా రామగుండం కరీంనగర్ జిల్లా, ఆ తరువాత పెద్దపల్లి జిల్లా. అచ్చయిన పుస్తకాల వెనుక రచయిత చిరునామాల్లో ఈ ఊరు ఇంకా రెండు జిల్లాల్లోనూ కనిపిస్తుంది.

మన సాహిత్య చరిత్రకు ఈ చిక్కు పరాయిది కాదు. 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది బొంబాయిలో. భారతి 1924లో వెలువడింది మద్రాసు నుంచి. వావిళ్ళవారి గ్రంథాలు అచ్చయింది మద్రాసులో. అచ్చయిన చోటును బట్టి తెలుగు సాహిత్యం ఎక్కడిదో తేల్చే పరిశోధకుడు ఉంటే, మన సాహిత్యానికి తమిళదేశమే నిలయమని రాయవలసి వచ్చేది. అంత పని ఎవరూ చేయలేదు, ముద్రణ స్థలం అంటే ఏమిటో అందరికీ తెలుసు కనుక. పోతన విషయంలో ఏకశిలానగరం అన్న ఒక్క పేరు పట్టుకుని ఓరుగల్లు అనీ, ఒంటిమిట్ట అనీ పండితులు ఎంత సిరా ఖర్చు పెట్టారో మీకు తెలుసు. స్థలవాచకం ముందు అంతటి జాగ్రత్త చూపించిన సంప్రదాయం మనది. యంత్రం అచ్చొత్తిన పట్టిక ముందు ఆ జాగ్రత్త ఎటుపోయింది?

అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ గోల్కొండ కవుల సంచిక. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాశాడు. ఆయన అబద్ధమాడాలని రాసి ఉండడు. ఆయన చూసిన పుస్తకాల్లో, పత్రికల్లో, జాబితాల్లో ఈ ప్రాంతపు పేర్లు లేవు. లేని పేర్లను చూసి లేని కవులను ఊహించాడు. సురవరం ప్రతాపరెడ్డి దీనికి వ్యాసంతో జవాబు చెప్పి ఊరుకోలేదు. ఊరూరా కవుల వివరాలు తెప్పించి 1934లో 354 మంది కవులతో సంచిక అచ్చువేశారు. ప్రాంతాభిమానం సంగతి అలా ఉంచి, పద్ధతిని చూడండి. పాత పట్టిక తప్పు అని వాదించడానికి బదులు, పట్టిక చేరని చోటికి వెళ్ళి వేరే పట్టిక తయారు చేశారు. నేటి విమర్శకుడు యంత్రం ఇచ్చిన సున్నాను చూసి పాఠకులు పూజ్యం అంటున్నాడు. తొంభై ఏళ్ళు గడిచినా మాట మారలేదు.

ఈ లెక్కల్లో ఇంకొక దోషం ఉంది. అది అంతకంటె లోతైనది. గడి పొరపాటు లేకుండా నింపారనే అనుకుందాం. ఫలానా కథను ఎమిరేట్స్‌లో ఇంతమంది, అమెరికాలో ఇంతమంది చదివారు. వీరందరినీ కలిపి ప్రవాస పాఠకులు అంటారు. దుబాయిలో కట్టడం పని చేస్తూ, ఒక గదిలో పదిమందితో పడుకుని, ఫోను వెలుగులో చదివే జగిత్యాల కూలీ, డాలసులో సొంత ఇంట్లో చదివే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఈ పట్టికలో ఒకే వర్గం. దేశం గడి వర్గాన్ని చెప్పదు. కథ ఎవరికి చేరిందన్న ప్రశ్నకు దేశం పేరుతో సమాధానం చెప్పి తృప్తి పడేవారు, ఎవరికి అన్న మాటకు అర్థం మార్చేశారు. నా దగ్గర చదువుకున్న ఒక యువకుడు బహ్రెయిన్‌లో ఉన్నాడు. సెలవుకు ఇంటికి వచ్చినా అతని ఫోనులో ఆ దేశపు సిమ్ము తిరుగుతూనే ఉంటుంది. దాని మీద వచ్చే అంతర్జాలం సాధారణంగా ఆ దేశపు ద్వారం గుండానే పోతుంది. నెలరోజులు గోదావరిఖనిలో అమ్మ పక్కన మంచం మీద కూర్చుని చదివినదంతా బహ్రెయిన్ లెక్కలోకి పోయే అవకాశం ఉంది.

పోయిన వేసవి నుంచి మేం కొందరు ఉపాధ్యాయులం ఒక రూళ్ళ నోటుపుస్తకం పెట్టుకున్నాం. పేర్లు రాయడంలేదు. ఏ కథ చదివారు, ఎవరి ఫోనులో, అది ఎవరు పంపితే అందింది, ఒక్కరే చదివారా ఎవరికైనా చదివి వినిపించారా అని నాలుగు గడులు గీశాం. పుస్తకం మెల్లగా నిండుతోంది. ఓపెన్‌కాస్టులో డంపరు నడిపే ఒకాయనకు చూపు మందగించి కూతురి చేత చదివించుకున్నాడు. ఆ పిల్ల తన స్నేహితురాలి ఫోనులో చదివింది. వింటున్నవాళ్ళు ముగ్గురు. ఆ స్నేహితురాలి ఫోను కంపెనీ ద్వారం ఏ ఊళ్ళో ఉందో మాకు తెలియదు. ఎక్కడ చదివారు అన్న గడి మేం ముందు గీయలేదు. ఆ పిల్లే మార్జినులో రాసింది: ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ, బాపు నైట్ షిఫ్టుకు పోయే ముందు.